ల్యాప్‌టాప్‌కి వైఫై అందట్లేదా? యాంటెన్నా కొనే ముందు ఈ లెక్క చూడండి

ఈరోజు ఎపిసోడ్ చాలామంది అడిగిన టాపిక్ మీద. "అన్నా, రూటర్ పక్క ఇంట్లో ఉంది, ల్యాప్‌టాప్‌లో రెండు గీతలు చూపిస్తోంది, కానీ పేజీ తెరుచుకోవట్లేదు. బయట యాంటెన్నా ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ కొంటే పని అవుతుందా?" ఇదీ ప్రశ్న.

ఒక్క ముక్కలో చెప్పమంటే, కొన్ని ఇళ్లలో బ్రహ్మాండంగా అవుతుంది, కొన్ని ఇళ్లలో డబ్బులు దండగ. మీది ఏ రకం ఇల్లో కొనకముందే తెలుసుకోవచ్చు. దానికి ఇంజినీరింగ్ అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు. చేతిలో ఉన్న ఫోన్‌తోనే సగం పరీక్ష అయిపోతుంది. చివరిదాకా చూడండి, అదెలాగో చెప్తాను.

మన దగ్గర ఈ సమస్య ఎందుకు ఎక్కువ?

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగడం వల్ల ఊళ్లలోకి ఫైబర్ రావడం తేలికైంది. తర్వాత ప్రైవేటు కేబుల్ వాళ్లూ అదే దారిలో వచ్చారు. ఊరి మధ్యలో ఇప్పుడు నెట్ ఉంది. కానీ స్తంభాలు ఆగిపోయిన చోట ఫైబర్ కూడా ఆగిపోతుంది. తోటలో ఇల్లు, చెరువు గట్టు మీద షెడ్డు, కాలువ అవతల నాలుగు ఇళ్లు, వీటికి మిగిలిపోయేది ఆ చివరి నూరు, నూటయాభై మీటర్లు.

విజయవాడలో సమస్య ఇంకో రకం. చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండ మీద ఇళ్లు చూశారు కదా. కింద రోడ్డు మీద ఇంట్లో రూటర్ ఉంటుంది, పైన మెట్ల వరసలో ఉన్న చుట్టాల ఇంటికి సిగ్నల్ వెళ్లాలి. అపార్ట్‌మెంట్లలో అయితే దూరం తక్కువే గానీ గోడలు, పక్క ఫ్లాట్ల రూటర్ల గోల ఎక్కువ.

ఒక ఇంటి కథ చెప్తాను, ఎందుకంటే ఈ ఎపిసోడ్‌లో లెక్కలన్నీ ఆ ఇంటి మీదే వేస్తాను. మొవ్వ మండలంలో మా పిన్ని వాళ్ల ఊరు. ఇల్లు తోటలో ఉంటుంది. ఊళ్లో బాబాయి వాళ్ల అన్నయ్యగారింట్లో ఫైబర్ ఉంది. రెండిళ్లకీ మధ్య దూరం నూటయాభై మీటర్లు. మధ్యలో ఒక పంట బోదె, రెండు మామిడి చెట్లు, నాలుగైదు కొబ్బరి చెట్లు. స్తంభాలు బోదె దగ్గర ఆగిపోయాయి. ఫోన్ సిగ్నల్ ఇంట్లో ఒక గీత, అది కూడా సాయంత్రం అయితే ఉండదు.

పిన్ని కూతురికి ఇంటి నుంచి చేసే ఉద్యోగం వచ్చింది, మొదటి ఉద్యోగం. నాలుగు వారాల ట్రైనింగ్, రోజంతా వీడియో ఆన్‌లో ఉండాలి, నెట్ పోతూ ఉంటే తీసేస్తారు. విజయవాడలో హాస్టల్‌లో ఉండి చేసుకోవచ్చు. కానీ బాబాయికి పక్షవాతం వచ్చింది, మంచం మీద నుంచి లేపాలంటే ఇద్దరు కావాలి. పిన్ని ఒక్కతే చేయలేదు. "అన్నయ్యా, ఏదో ఒకటి చెప్పు, వచ్చే సోమవారం నుంచి క్లాసులు" అని ఫోన్ చేసింది. చేతిలో ఉన్నది ఆరు రోజులు.

గీతలు ఉన్నా నెట్ ఎందుకు రాదు?

ముందు ఇది అర్థం చేసుకోవాలి. వైఫై అంటే రేడియో వినడం కాదు, ఇద్దరు మాట్లాడుకోవడం. కాలువకి అవతలి గట్టు మీద ఒకాయన మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు అనుకోండి. ఇటు గట్టు మీద మీరు మామూలు గొంతుతో జవాబు చెప్తున్నారు. ఆయన మాట మీకు వినపడుతుంది. మీ మాట ఆయనకి వినపడదు. సంభాషణ జరగదు.

రూటర్ ఆయన, ల్యాప్‌టాప్ మీరు. స్క్రీన్ మీద గీతలు రూటర్ గొంతు మీకు ఎంత వినపడుతోందో చెప్తాయి. మీ గొంతు రూటర్‌కి ఎంత వినపడుతోందో ఆ గీతలు చెప్పవు. మామూలుగా ల్యాప్‌టాప్ గొంతు రూటర్ కన్నా చిన్నది. అందుకే గీతలు ఉంటాయి, నెట్ ఉండదు.

దీని నుంచి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. రూటర్ పవర్ పెంచితే మైకు సౌండు పెంచినట్టే, ఒకవైపే లాభం. అదే మంచి యాంటెన్నా పెడితే మాట్లాడేటప్పుడూ లాభమే, వినేటప్పుడూ లాభమే. చెవి వెనక చెయ్యి పెట్టుకుంటే బాగా వినపడుతుంది కదా, నోటి దగ్గర చేతులు దోసిలిలా పెట్టి అరిస్తే దూరం వెళ్తుంది కదా. యాంటెన్నా ఈ రెండు పనులూ చేస్తుంది. కాబట్టి పెట్టె మీద "హై పవర్" అని రాసింది చూసి కొనకండి, యాంటెన్నా ఏంటో చూడండి.

ల్యాప్‌టాప్‌కి యాంటెన్నా లేదా అంటే, ఉంది. స్క్రీన్ చుట్టూ ఉన్న అంచు లోపల ఉంటుంది ఎక్కువ మోడళ్లలో. వైఫై కార్డు కింద కీబోర్డు భాగంలో ఉంటుంది, అక్కడి నుంచి సన్నటి తీగలు మడత బందు గుండా పైకి వెళ్తాయి. ఆ యాంటెన్నా చిన్నది, పైగా ల్యాప్‌టాప్ ఎక్కడుంటే అదీ అక్కడే, అంటే గదిలో, గోడల మధ్యలో, బల్ల ఎత్తులో. అడాప్టర్ వల్ల అసలు లాభం ఏంటంటే, యాంటెన్నాని ల్యాప్‌టాప్ నుంచి విడదీసి మనకి కావలసిన చోట పెట్టుకోవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

డీబీ లెక్క ఐదు నిమిషాల్లో

సిగ్నల్‌ని డీబీఎమ్‌లో కొలుస్తారు. అన్నీ మైనస్ అంకెలే. మైనస్ 50 అంటే రూటర్ పక్కనే ఉన్నట్టు. మైనస్ 65 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 అంటే పేజీలు తెరుచుకుంటాయి, వీడియో ఆగుతూ ఉంటుంది. మైనస్ 85 దాటితే పేరు కనపడుతుంది, పని జరగదు.

మూడు సూత్రాలు చాలు. 3 డీబీ పెరిగితే శక్తి రెట్టింపు. 10 డీబీ పెరిగితే పది రెట్లు. దూరం రెట్టింపైతే బయలు ప్రదేశంలో 6 డీబీ పోతుంది.

ఫోన్‌లో చూడాలంటే ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ రకం యాప్ ఏదైనా వేసుకోండి, డీబీఎమ్ అంకె నేరుగా చూపిస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో నెట్ఎస్‌హెచ్, వ్లాన్, షో, ఇంటర్‌ఫేసెస్ అని నాలుగు మాటలు మధ్యలో ఖాళీలతో కొట్టండి. సిగ్నల్ ఎంత శాతమో వస్తుంది. దాన్ని సగం చేసి వంద తీసేయండి. 60 శాతం వస్తే సగం 30, అందులోంచి 100 తీస్తే మైనస్ 70. ఉజ్జాయింపుగా సరిపోతుంది.

ఇప్పుడు పిన్ని వాళ్ల ఇంటి లెక్క. రూటర్ పంపే శక్తి 100 మిల్లీవాట్లు, అంటే 20 డీబీఎమ్ అనుకుందాం. దాని యాంటెన్నా లాభం 5. నూటయాభై మీటర్ల గాలిలో 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పోగొట్టుకునేది 84. అన్నయ్యగారింటి గోడ ఒక 8, మన ఇంటి గోడ ఒక 8, చెట్లు ఒక 10. ల్యాప్‌టాప్ యాంటెన్నా లాభం సున్నా అనుకుందాం. 20కి 5 కలిపితే 25. 25లోంచి 84, 8, 8, 10 తీసేస్తే మైనస్ 85. చెల్లి కమాండ్ కొట్టి చూస్తే 28 శాతం వచ్చింది, అంటే మైనస్ 86. లెక్క దగ్గరగానే ఉంది.

తిరుగు దారి చూడండి. ల్యాప్‌టాప్ పంపేది 15 డీబీఎమ్ అనుకుంటే, రూటర్‌కి చేరేది మైనస్ 90. ఆ అమ్మాయి మాట అటు వినపడట్లేదు. ఇదీ అసలు జబ్బు.

ఇప్పుడు ఈ లెక్కలో మనం ఏం మార్చగలం? దూరం మార్చలేం. చెట్లు కొట్టలేం. గోడలు మార్చలేం గానీ, గోడ దాటి బయటికి రాగలం. అక్కడే 8 వచ్చేస్తుంది. రూటర్‌ని కిటికీ దగ్గరికి జరిపితే అటు 8 వస్తుంది. 5 డీబీఐ యాంటెన్నా పెడితే 5 వస్తుంది. మొత్తం 21. మైనస్ 85 కాస్తా మైనస్ 64 అవుతుంది. తిరుగు దారి మైనస్ 69. అంటే ఈ ఇల్లు బాగుపడే రకం. గమనించారా, 21లో 16 ఊరికే వచ్చింది, కొన్నది 5 మాత్రమే.

రూపాయి ఖర్చు లేకుండా మొదటి పరీక్ష

ఇది స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ చేయగలిగింది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని వైఫైకి కనెక్ట్ చేయండి. యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టండి. సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అనే చోట యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మొబైల్ డేటా ఆపేయండి. ఎక్కువ ఫోన్లలో ఇలా చేస్తే ఫోన్‌కి వచ్చే వైఫై కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌కి వెళ్తుంది. మీ ఫోనే యూఎస్‌బీ అడాప్టర్ అయిపోయింది అన్నమాట.

ఇప్పుడు ఫోన్‌ని కిటికీ బయట, వరండాలో, మేడ మెట్ల మీద పెట్టి చూడండి. ఎక్కడ అంకె పెరుగుతోందో రాసుకోండి. ఎక్కడ పెట్టినా మైనస్ 90 దగ్గరే ఉంటే చిన్న అడాప్టర్ కొనడం వృథా. ఒక చోట మైనస్ 78 దాకా వస్తే అక్కడ యాంటెన్నా పెడితే పని అవుతుంది. పాత ఫోన్ మూలన పడి ఉంటే దాన్నే శాశ్వతంగా ఇలా వాడుకోవచ్చు కూడా.

చెల్లి ఇల్లంతా తిరిగింది. వెనక వరండా చూరు కింద, రూటర్ ఇంటి వైపు మూల, మైనస్ 77 వచ్చింది. అదే మన స్థలం.

అడాప్టర్ ఎలాంటిది కొనాలి?

మార్కెట్లో మూడు రకాలు. మొదటిది గోరంత ఉండే నానో అడాప్టర్. దూరానికి ఇది అసలు పనికిరాదు, ల్యాప్‌టాప్ లోపలి యాంటెన్నా కన్నా మెరుగు కాదు. రెండోది ఊడదీయడానికి వీల్లేని యాంటెన్నా ఉన్నది, టీపీ-లింక్ ఆర్చర్ టీ2యూ ప్లస్ లాంటిది. దానికి 5 డీబీఐ యాంటెన్నా, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ రెండూ పట్టుకుంటుంది. మూడోది యాంటెన్నా తిప్పి తీసి వేరేది బిగించుకునేది. టీపీ-లింక్‌లోనే టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అని 4 డీబీఐ యాంటెన్నాతో వచ్చేది ఉంది, అది 2.4 ఒక్కటే. ఆల్ఫా కంపెనీవి కూడా ఈ రకమే. రేపు పెద్ద యాంటెన్నా పెట్టుకోవాలి అనుకుంటే మూడో రకం తీసుకోండి. ఆ మర బిగింపుని ఆర్‌పీ-ఎస్ఎమ్ఏ అంటారు. చూడటానికి ఒకేలా ఉండే మామూలు ఎస్ఎమ్ఏ వేరు, మధ్యలో సూది, రంధ్రం తారుమారుగా ఉంటాయి. యాంటెన్నా కొనేటప్పుడు ఈ పేరు చెప్పి అడగండి.

డీబీఐ ఎక్కువైతే మంచిదేగా అంటారు. ఆగండి. యాంటెన్నా శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని ఒక వైపుకి సర్దుతుంది. కర్ర యాంటెన్నా సిగ్నల్ ఆకారం మినప గారెలా ఉంటుంది, కర్ర మధ్య రంధ్రంలో ఉన్నట్టు. డీబీఐ పెంచేకొద్దీ ఆ గారెని అరిచేత్తో నొక్కినట్టు అప్పడంలా పలచబడి వెడల్పు అవుతుంది. ఒకే ఎత్తులో ఉన్న దూరపు ఇంటికి అది మంచిదే. కానీ రూటర్ కింద అంతస్తులో, మీరు పైన, లేదా కొండ మీద ఇల్లు, అలాంటప్పుడు 9 డీబీఐ కర్ర కన్నా 4, 5 డీబీఐ కర్రే బాగా పనిచేయొచ్చు. లేదా కర్రని కొంచెం వంచి పెట్టాలి. ఇంకో విషయం, రెండు వైపులా కర్రలు ఒకే దిశలో ఉండాలి. రూటర్‌వి నిలువుగా ఉంటే మీదీ నిలువుగానే.

పెట్టె మీద "2000 మీటర్ల రేంజ్" అని ఉంటే నవ్వుకుని పక్కన పెట్టేయండి. ప్రకాశం బ్యారేజీ ఆ చివర నుంచి ఈ చివరకి 1223 మీటర్లు. మామూలు రూటర్‌ని సీతానగరం వైపు పెట్టి, ల్యాప్‌టాప్‌ని ఇటు విజయవాడ గట్టు మీద పెడితే గోడల్లేకుండానే గాలిలోనే 102 డీబీ దాకా పోతుంది. ఒక వైపు మాత్రమే అడాప్టర్ మార్చి ఆ దూరం అందుకుంటాం అని చెప్పేవాళ్లు రెండో వైపు సంగతి దాస్తున్నారు.

కేబుల్ ఎక్కడ పొడిగించాలి?

చాలామంది అడాప్టర్‌ని ల్యాప్‌టాప్‌కే పెట్టి, యాంటెన్నాకి పొడవాటి తీగ వేసి బయట పెడతారు. ఇది నష్టం. ఆ సన్నటి యాంటెన్నా తీగలో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకి ఒకటి నుంచి రెండు డీబీ పోతుంది. ఐదు మీటర్లు వేస్తే మీరు కొన్న 5 డీబీఐ లాభం తీగే తినేస్తుంది.

దానికి బదులు యూఎస్‌బీ కేబుల్‌ని పొడిగించండి, అడాప్టర్‌నే యాంటెన్నా పక్కకి తీసుకెళ్లండి. యూఎస్‌బీలో వెళ్లేది అంకెలు కాబట్టి అందులో సిగ్నల్ నష్టం అనే మాట లేదు. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్ల దాకా. అంతకన్నా కావాలంటే మధ్యలో చిప్ ఉండే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ కేబుల్ అని అడగండి. ఇంకో చిట్కా, యూఎస్‌బీ 3 పోర్టులు, హార్డ్ డిస్కులు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుట్టిస్తాయి. అడాప్టర్‌ని ఆ పోర్టులకి దూరంగా పెట్టడం వల్ల కూడా లాభమే.

పిన్ని వాళ్లింట్లో ఐదు మీటర్ల కేబుల్‌తో అడాప్టర్ వరండా చూరు కిందికి వెళ్లింది. 60 శాతం, మైనస్ 70. తర్వాత అన్నయ్యగారిని బతిమాలి, టీవీ వెనక ఉన్న రూటర్‌ని తోట వైపు కిటికీలోకి మార్పించాం. 72 శాతం, మైనస్ 64. లెక్కలో చూసిన అంకెకే వచ్చింది.

ఇంకొంచెం కావాలంటే వంటింట్లోకి వెళ్లండి

న్యూజిలాండ్‌లో స్టాన్ స్వాన్ అనే ఆయన వంటింటి లోహపు జల్లెడ మధ్యలో యూఎస్‌బీ అడాప్టర్ పెట్టి దూరం పెంచి చూపించాడు, దానికి వోక్‌ఫై అని పేరొచ్చింది. సూత్రం డిష్ టీవీ గొడుగుదే. మన ఇళ్లలో నూనెలోంచి పూరీలు, బూందీ దేవే పెద్ద గుండ్రటి జాలీ ఉంటుంది కదా, అదే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్లు. జాలీ కన్నాలు అంతకన్నా చాలా చిన్నవి కాబట్టి తరంగానికి అది గట్టి రేకులాగే కనిపిస్తుంది. గాలి మాత్రం దాటిపోతుంది, తుఫాను గాలికి ఎగిరిపోదు.

జాలీ గుంట రూటర్ వైపు చూడాలి, అడాప్టర్ ఆ గుంట ముందు ఉండాలి. అంగుళం అంగుళం జరుపుతూ శాతం చూస్తూ ఉండండి, ఒక చోట అంకె ఎగబాకుతుంది. అక్కడ కట్టేయండి. చెల్లి పాత జాలీ కట్టింది, 82 శాతం, అంటే మైనస్ 59కి వచ్చింది. ఇంకో లాభం, వెనక వైపు నుంచి వచ్చే ఇతర వైఫైల రొద తగ్గుతుంది. నగరంలో వాళ్లకి ఇది ఎక్కువ ఉపయోగం.

ఇలా వచ్చిన నెట్‌ని ల్యాప్‌టాప్ నుంచి ఫోన్లకి కూడా ఇవ్వొచ్చు. విండోస్ 10, 11లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేయండి. అడాప్టర్ దూరం నుంచి తెస్తుంది, ల్యాప్‌టాప్ లోపలి కార్డు ఇంట్లో పంచుతుంది.

ఎక్కడ పనిచేయదు?

జింకు రేకుల గోడ, రేకుల కప్పు అడ్డం ఉంటే సిగ్నల్ దాటదు. సిమెంటు రేకులు, పెంకులు, ఎండిన తాటాకు అంత అడ్డం కావు. డాబా మీద నీళ్లు నిండిన ట్యాంకు వెనక యాంటెన్నా పెట్టకండి, నీరు సిగ్నల్‌ని మింగేస్తుంది. చెట్లు కూడా అంతే, వాన పడి ఆకులు తడిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఎండాకాలం సరిగ్గా సరిపోయేలా పెట్టుకుంటే వానాకాలం ఏడిపిస్తుంది. పది డీబీ అయినా చేతిలో ఉంచుకోండి. మేము జాలీ కట్టింది అందుకే, మైనస్ 64కే ఆగిపోవచ్చు గానీ శ్రావణంలో ఏడవకూడదు కదా.

దూరం ఎక్కువైతే కంటికి కనపడితే చాలదు. సిగ్నల్ సన్నటి దారంలా వెళ్లదు, మధ్యలో ఉబ్బిన దోసకాయలా వెళ్తుంది. 300 మీటర్ల దూరానికి మధ్యలో ఆ ఉబ్బు చుట్టూ మూడు మీటర్లు. కిలోమీటరుకి ఐదున్నర మీటర్లు. అందులో సగానికి పైగా ఖాళీ ఉండాలి. అందుకే చదునైన డెల్టాలో ఎత్తే అసలు ఖర్చు.

ఇది పుస్తకాల మాట కాదు, మన పక్కనే జరిగింది. 2000 తర్వాత పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరం చుట్టుపక్కల ఊళ్లని బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' అనే ప్రాజెక్టులో ఇదే వైఫైతో కలిపింది. టవర్లు కట్టి, ఒక దిశకే చూసే యాంటెన్నాలు పెట్టి, ఊళ్లలోకి రెండు వైపులా కనపడే వీడియో తెచ్చారు, డాక్టర్లతో మాట్లాడటానికి, పాఠాలు చెప్పడానికి. భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు అనే పరిశోధకులు ఈ అనుభవాలని 2007లో వ్యాసంగా రాశారు. అక్కడ తేలింది ఏంటంటే, వైఫై పరికరాలు చవక, టవర్లే ఖరీదు. ప్రపంచంలో చూస్తే అదే 2007లో వెనిజులాలో ఎర్మనో పియెట్రోసెమోలి బృందం 382 కిలోమీటర్లు వైఫై పంపింది, ఎలాగంటే కొండ మీద నుంచి కొండ మీదకి. వాళ్లకి ఎత్తు ప్రకృతి ఇచ్చింది. మనకి డాబా ఇవ్వాలి.

కాబట్టి రెండు మూడు వందల మీటర్లు దాటితే అడాప్టర్ ఆలోచన మానేసి, బయట బిగించే సీపీఈ అనే పరికరాలు రెండు వైపులా పెట్టుకోండి. టీపీ-లింక్ సీపీఈ210 లాంటివి, లోపలే 9 డీబీఐ యాంటెన్నా ఉంటుంది, కరెంటూ నెట్టూ ఒకే ల్యాన్ కేబుల్‌లో వెళ్తాయి. వంద మీటర్ల లోపైతే, దారి ఉంటే, బయట వాడే ల్యాన్ కేబుల్ లాగడమే అన్నిటికన్నా గట్టి పని. అపార్ట్‌మెంట్ వాళ్లకి కూడా ఇదే చెప్తాను. రెండు గదుల అవతలికి యాంటెన్నా వేటాడకండి, కేబుల్ లాగి అక్కడ ఇంకో రూటర్ పెట్టండి.

చట్టం, వానలు, పిడుగులు

2.4 గిగాహెర్ట్జ్ మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. కానీ హద్దు ఉంది. యాంటెన్నా లాభంతో కలిపి 4 వాట్లు, అంటే 36 డీబీఎమ్ దాటకూడదు. యాంటెన్నా డాబా పైన ఐదు మీటర్ల లోపే ఉండాలి. 20 డీబీఎమ్ అడాప్టర్‌కి 16 డీబీఐ యాంటెన్నా పెడితే హద్దు. 24 డీబీఐ గ్రిడ్ డిష్ పెడితే దాటినట్టే, పవర్ తగ్గించుకోవాలి.

ఇంకోటి, పెద్ద యాంటెన్నా పెట్టాక ఊళ్లో వాళ్ల వైఫైలన్నీ కనపడతాయి. చెయ్యి పెట్టకండి. అనుమతి లేకుండా ఇంకొకరి నెట్‌వర్క్‌లోకి వెళ్తే ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్లు ఉన్నాయి, మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. చుట్టాలే అయినా అడిగి తీసుకోండి, బిల్లులో వాటా ఇవ్వండి. ఇచ్చేవాళ్లకి కూడా చెప్తున్నాను, మీ కనెక్షన్‌లో ఎవరు ఏం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే. గెస్ట్ నెట్‌వర్క్ వేరే పాస్‌వర్డ్‌తో పెట్టి ఇవ్వండి.

అడాప్టర్ వాన కోసం చేసింది కాదు. చూరు కిందే పెట్టండి, పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. కేబుల్ లోపలికి వచ్చే ముందు కిందికి ఒక వంపు ఇవ్వండి, నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, గదిలోకి రావు. మచిలీపట్నం, దివిసీమ వైపు వాళ్లు ఉప్పు గాలికి మర బిగింపులు తుప్పు పట్టకుండా టేపు చుట్టండి. ఉరుములు మొదలవగానే యూఎస్‌బీ పీకేయండి. వెయ్యి రూపాయల అడాప్టర్ పోతే పోయింది, దాని వెనక ల్యాప్‌టాప్ ఉంది, దాని ముందు మనిషి ఉంది.

మా చెల్లి ట్రైనింగ్ అయిపోయింది. నాలుగు వారాల్లో రెండుసార్లు నెట్ పోయింది, రెండుసార్లూ కరెంటు పోయే. అన్నయ్యగారింట్లో రూటర్‌కి చిన్న యూపీఎస్ కొనిపెట్టమని ఇప్పుడు అడుగుతోంది, మొదటి జీతంలోంచి ఇస్తుందట.

షాపుకి వెళ్లే ముందు నాలుగు ముక్కలు రాసుకోండి. రూటర్‌కీ మీకూ దూరం ఎంత, మధ్యలో అడ్డాలు ఏంటి, ఫోన్ పరీక్షలో వచ్చిన మంచి అంకె ఎంత, ఆ చోటు నుంచి ల్యాప్‌టాప్‌కి ఎన్ని మీటర్ల కేబుల్ కావాలి. ఈ నాలుగూ చేతిలో ఉంటే గవర్నర్‌పేటలో ఏ షాపు వాడూ మీకు అక్కర్లేనిది అంటగట్టలేడు. వచ్చే ఎపిసోడ్‌లో రూటర్‌కి యూపీఎస్ ఎంపిక గురించి మాట్లాడుకుందాం.